పాల దుడ్లు

మా పక్కింటి అంగన్‌వాడీ టీచరమ్మ పోయిన గురువారం కళ్యాణదుర్గం ఆసుపత్రిలో చనిపోయింది. ఆ పొద్దున నేను పేపరు చదువుతుంటే ఆమె కొడుకు గోడవతల నుంచి చెప్పాడు. రోజూ ఆ గోడ మీద చేయి ఆనించి, “అన్నా, పేపర్లో యాడన్నా వాన ఉండాదా?” అని ఆమె అడిగేది. ఉపన్యాసాలే ఉన్నాయమ్మా అనేవాణ్ని. ఇన్ని పుస్తకాలు చదివాను. ఆ ప్రశ్న ఇక అడిగేవాళ్లు లేరన్న దిగులుకు ఒక్కదాంట్లోనూ మందు దొరకలేదు.

ఆదివారం సంతాపసభ పెట్టారు. ఆమె సేవలు మరువలేనివని ఊరి పెద్దరైతు మైకులో అన్నాడు. ఆయన మరిచిపోయింది ఒకటుంది. నాకు గుర్తుంది కాబట్టి రాస్తున్నాను.

కరోనా మొదట్లో పనులు ఆగిపోయినప్పుడు, తెల్లకార్డు ఇళ్లకు ప్రభుత్వం కొంత డబ్బు ఇచ్చింది. ఊరంతా వాటిని కరోనా దుడ్లు అన్నారు. ఆ మాటే కొంప ముంచింది. మా వీధి చివర కూలికి పోయే ఒక తల్లి ఉండేది. భర్త బెంగళూరులో బిల్డింగు పనికి పోయి అక్కడే ఇరుక్కున్నాడు. ఇద్దరు పిల్లలు గంజినీళ్ల మీద ఉన్నారు. అయినా డబ్బు తెచ్చిన వాలంటీరు కుర్రవాడికి ఆమె తలుపు తీయలేదు. మరునాడు దాటితే డబ్బు వెనక్కి పోతుందని అతను చెప్పిపోయాడు.

టీచరమ్మ, నేను వెళ్లాం. లోపలి నుంచే ఆమె అంది: “రోగమొచ్చినోళ్ల దుడ్లు నాకొద్దక్కా. తీసుకుంటే ఇంటికి అడ్డంగా కట్టెలు కట్టి, పిల్లోళ్లను పట్టుకోని పోతారు.”

నేను ప్రభుత్వ ఉత్తర్వు సారాంశం వివరించాను. ఆమె గొళ్లెం కూడా పెట్టింది.

ఎదురుగా తన అరుగు మీద నుంచి పెద్దరైతు నవ్వాడు. ఊరికే ఇస్తే రేపు శెనక్కాయ పీకేకి ఎవరొస్తారని అడిగాడు. టీచరమ్మ తిరిగి చూసింది. “నీ చేన్లో ఇత్తనం పడకనే ఇన్సూరెన్సు వచ్చె గదన్నా. నువ్వేమన్నా పని మానుకుంటివా?”

ఆయన తువ్వాలు దులుపుకుని లోపలికి పోయాడు.

తర్వాత టీచరమ్మ తలుపుతో మాట్లాడినట్టు నెమ్మదిగా అంది: “కరోనా దుడ్లని ఎవురు చెప్పినారు నీకు? ఇవి పాల దుడ్లు. పిల్లోళ్లుండే ఇండ్లకిస్తాండారు. నీకు కాదులే, నీ బిడ్డలకు.”

చాలాసేపటికి గొళ్లెం తీసిన చప్పుడైంది.

దారిలో, అలా అబద్ధం చెప్పావేమమ్మా అన్నాను. “అబద్ధం యాడుండాదన్నా? పేరు పెట్టినా. మంచి పేరు పెట్టి పిలిస్తే ఎవురైనా పలుకుతారు” అంది.

ఆ సాయంత్రమే ఆ తల్లి డబ్బు తీసుకుంది. దాంతో ఉప్పు కూడా కొనలేదు. పాల దుడ్లు కదా అనేది.

మరునాటి ఎండ ఇంకా నా కళ్లలోనే ఉంది. ఆ గడపకు ఎడంగా, మాస్కు గడ్డం కిందికి జారిపోయి, టీచరమ్మ నిలబడి ఉంది. పిల్లలిద్దరూ ఒకే గ్లాసు మార్చుకుంటూ తాగుతున్నారు. “నిదానంగా తాగండి, ఎవురూ పెరుక్కునేకి రారు” అంటోంది. అడుగున మిగిలిన మీగడను చిన్నది వేలితో తీసి నాకింది. అది అయ్యేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు.