సర్ఫ్ పోసుకున్న మా గోంగూర సీసా

ఇవాళ పొద్దున నల్లగండ్లలో మా కింది ఫ్లాట్ అనసూయక్క ఇంటికి వెళ్తే, వాషింగ్ మెషిన్ మీద మా గోంగూర పచ్చడి సీసా కనిపించింది. నిండా సర్ఫ్! నేనూ మా వదినా పచ్చళ్ల వ్యాపారం మూసేసి చాలా రోజులైంది. కాగితం లేబుళ్లు నూనెకి ఊడిపోతున్నాయని, అప్పట్లో పట్టుబట్టి గాజు మీదే స్క్రీన్ ప్రింటింగ్ చేయించాం. వదిన చేతిరాతలో మా పేరు ఇంకా నిగనిగలాడుతోంది.

"ఎంత తోమినా ఒక్క అక్షరం పోలే చెల్లె! జర ఇంకో రెండుంటే ఇయ్యరాదు?" అంది అక్క.

"పచ్చడా?" అన్నాను, ఆశ చావక.

"కాదు, ఖాళీ సీసాలే. పప్పులకు మంచిగుంటయి."

ఉన్నాయి. అటక నిండా అవే ఉన్నాయి.

మీ ఇంట్లోనూ మా సీసా ఉంటే అందులో ఏం పోసుకున్నారో చెప్పండి. ఏడవను లెండి.