అర అంగుళం పెరిగిన భుజం

మనుషుల మాటలకంటే నా టేపునే నేను ఎక్కువ నమ్ముతాను. ఒడిశాలో బరంపురం పక్కనున్న అంకులిలో మా ఇంటి వసారాలో మిషను వేసుకుని ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఎవరు చిక్కారో, ఎవరు ఒళ్లు చేశారో వాళ్ల ఇంట్లోవాళ్లకంటే ముందు నాకే తెలుస్తుంది. పైగా నాకు ఆరా ఎక్కువ. మా ఆయన దాన్ని రోగమంటాడు.

మా వీధి చివరి ఇంటికి ఆంధ్రా సరిహద్దు పల్లె నుంచి ఒక కోడలు వచ్చింది. పెళ్లి జాకెట్లు నేనే కుట్టాను. కడుపుతో ఉండి, ఐదో నెలలో మళ్లీ కొలతలకు వచ్చింది. నడుము పెరిగిందంటే సరే. భుజం అర అంగుళం పెరగడమేమిటి? చెయ్యి కూడా పొడుగైంది. దండ, అంటే మోచేతి పైన చేతి చుట్టుకొలత, మాత్రం సన్నబడింది. టేపు పాడైందేమోనని నా భుజం కొలుచుకుంటే పాత కొలతే వచ్చింది. కొత్త టేపు కొని మళ్లీ కొలిచినా అంతే. కడుపుతో ఉన్నవాళ్లకు ఎముకలు సాగుతాయా? అది తేలేదాకా నాకు అన్నం సహించలేదు.

వీధికి టీకాలు వేయడానికి వచ్చే నర్సమ్మను అడిగాను. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టేసింది. గర్భిణుల కార్డులో ఆ పిల్లకు పంతొమ్మిదేళ్లని రాయించారట.

"బొమికలు పెరుగుతున్నాయంటే అది ఇంకా పిల్లే. దాని ఒంటికే సాలని తిండిని కడుపులో బిడ్డ పంచుకుంటన్నాది" అంది.

ఇలాంటివాళ్లకు రక్తం తగ్గిపోతుందట. బీపీ పెరిగి ఫిట్సు రావచ్చట. బిడ్డ నెలలు నిండకుండానే పుట్టొచ్చట. వింటుంటే నా ఆరా కాస్తా భయమైంది.

జాకెట్టు కోసం వచ్చినప్పుడు ఆ పిల్లను కూర్చోబెట్టి, ఏం తింటున్నావని అడిగాను. పూటకు గుప్పెడు అన్నమేనట. బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు సులువని అత్త అంతే పెడుతోందట.

"పదారు నిండి రెండు నెల్లయింది పిన్నీ. ఎవరికీ సెప్పకు. మా ఆయన్ని పోలీసులట్టుకెల్తారు" అని నా చెయ్యి పట్టుకుంది.

వీధి సంగతులన్నీ మోసే నా నోరు మూడు రోజులు మూతపడింది. ఆ మూడు రోజులకు ఇప్పటికీ సిగ్గుపడతాను. నాలుగో రోజు కొలతల పుస్తకం చంకన పెట్టుకుని, కోడలి కడుపు మాడ్చే గయ్యాళి అని అత్తను మనసులో తిట్టుకుంటూ వాళ్లింటికి వెళ్లాను.

ఆమెకు చదువు రాదు. పెళ్లినాటి దండకీ ఇప్పటి దండకీ తేడా టేపు మీద వేలు పెట్టి చూపించాను. ఆ తేడాను తనూ వేలితో కొలుచుకుని చూసింది.

"నాకు పదిహేనో ఏట తొలికాన్పు వదినా. బిడ్డ పెద్దోడు. రెండు రోజులు నొప్పులు పడ్డాను. సచ్చే పుట్టినాడు. ఇదీ నాలాగే సన్నపిల్ల. బిడ్డ పెరిగితే ఇది బతకదని నా బయం."

నా తిట్లన్నీ నేనే మింగేశాను. నర్సమ్మ చెప్పిందంతా చెప్పి, కడుపు మాడిస్తే తల్లికీ బిడ్డకూ ముప్పేనన్నాను.

మర్నాడే అత్త కోడల్ని ఆటోలో బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, పోలీసులొచ్చినా సరేనని అసలు వయసు తనే చెప్పింది. డాక్టరమ్మ చీవాట్లు పెట్టి, మందులు రాసి, కడుపునిండా పెట్టమంది. ఏడో నెల చివర బీపీ పెరిగితే చేర్చుకున్నారు. ఎనిమిదో నెలలో ఆడపిల్ల పుట్టింది. కిలోన్నర. నేను కుట్టిన అతి చిన్న జుబ్బాలో కూడా పాప కనబడలేదు. వెచ్చగా ఉండటానికి బిడ్డను ఒంటికి ఆనించి కట్టుకోవాలన్నారని మెత్తటి గుడ్డతో పట్టీ కుట్టి పంపాను. తల్లి నిద్రపోయినప్పుడు అత్త ఆ పాపను తన గుండెకు కట్టుకుని కూర్చునేది.

మొన్న పాప మొదటి పుట్టినరోజుకు ముగ్గురూ వచ్చారు. పాపకు గౌను, తల్లికి జాకెట్టు. తల్లి భుజం మళ్లీ పావు అంగుళం పెరిగింది, దండ కూడా నిండింది. పెరిగే పిల్ల కదా, పాప గౌనుకు లోపల గుడ్డ మడిచి వదులుతానన్నాను, తర్వాత విప్పుకోవడానికి.

అత్త కోడలి చేతుల వైపు చూసింది.

"దీని జాకెట్టుకీ సేతులకాడ గుడ్డ వదులు వదినా. ఇదీ పెరిగే పిల్లే" అంది.