మూడో గేరు పట్టుకున్న చెయ్యి

అరవై తొమ్మిదిలో నేను తాండూరు నుంచి వికారాబాదుకు కోడలిగా వచ్చేసరికి మా ఆయన దగ్గర ఒక పికప్ బండి ఉండేది. మిలిటరీ వాళ్లు వేలం వేస్తే కొన్న పాత బండి. పెట్రోలు ఇంజను. ఎంత పోసినా ఇంకా పొయ్యమనేది. తాండూరు బండలు ఎత్తితే అనంతగిరి గుట్ట ఎక్కలేక సగంలోనే ఆగి ఆవిర్లు కక్కేది. నిండు బండితో మూడో గేరులో ఆ గుట్ట ఎక్కాలని మా ఆయనకు ఒకటే పట్టుదల.

తాండూరులో ఆయన దోస్తు ఒక ఉస్తాద్, మెకానిక్. ఆ ఇంజను దించేసి, ఎక్కడినుంచో డీజిల్ ఇంజను తెచ్చి కూర్చోబెట్టాడు. గేరు డబ్బా మాత్రం పాతదే. ఒకదానికొకటి పొసగని ఆ రెండింటి మధ్య ఒక ఇనుప పలక తనే కొలిచి, కోసి బిగించాడు. ఆ తర్వాత డీజిల్ పంపు మీది స్క్రూ కాస్త తిప్పడం, గుట్ట దాకా పోయి రావడం, పొగ నల్లగా వస్తే మళ్లీ వెనక్కి తిప్పడం. కొన్ని వారాలకు బండి మూడో గేరులో గుట్టెక్కింది. పెళ్లినాడు కూడా వీడు ఇంత నవ్వలేదని మా అత్త అంది, నేను వింటుండగానే.

అయితే కొత్త ఇంజను బలానికి పాత డబ్బా ఆగలేదు. గుట్ట దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే మూడో గేరు దానంతటదే ఎగిరి ఊడిపోయేది. వెనక నిండా బండలు, ముందు దిగుడు, ఇంక బ్రేకులే దిక్కు. ఒక చేత్తో గేరు రాడ్డు అదిమిపట్టి, ఇంకో చేత్తోనే స్టీరింగ్ తిప్పుతూ ఆయన చెమటలు కక్కేవాడు.

ఒకసారి మా అమ్మను చూసి ఆ బండిలోనే తిరిగొస్తున్నాను. గుట్ట మీద ఆయన నా వైపు చూడకుండానే, "జర గిది గట్టిగ పట్టు" అన్నాడు. పట్టుకున్నాను. కిందికి దిగేదాకా వదల్లేదు.

ఇంటికొచ్చి వాళ్లమ్మతో, "దీని చెయ్యి గట్టిదే అమ్మా. రేపటిసంది బండ్ల ఇదే కూసుంటది" అన్నాడు. అలా ఆ సీటు నాదైంది.

ఆ సీటు విలువ ఈ కాలం వాళ్లకు చెప్పినా అర్థం కాదు. పెద్దల ముందు మొగుడూ పెళ్లాం మాట్లాడుకునే రోజులా అవి? మంచినీళ్లు కావాలన్నా గోడకు చెప్పినట్టు చెప్పేవాడు. చీకటి పడితే పక్క అర్రలో అత్త దగ్గు. బండెక్కి నాలుగు మైళ్లు పోతే మాత్రం ఈయనేనా ఆయన అనిపించేది. చిన్నప్పుడు మేకలు కాసిన సంగతులు, తోడేలును చూసి చెట్టెక్కి గొంగడి కింద పారేసుకున్న సంగతి, అన్నీ చెప్పేవాడు. నేనేం తక్కువా? ఆయన ఒకటంటే నేను నాలుగనేదాన్ని. ధారూర్ దాటి గుట్ట మీదికి రాగానే "పట్టు" అనేవాడు. "పట్టిన" అనేదాన్ని. రాడ్డు వణుకు మోచేతి దాకా పాకేది. అరచేతిలో కాయ కాసింది. నాకది గాజులకంటే ముద్దుగా ఉండేది.

మూడేళ్లు గడిచాయి. పెళ్లాం పట్టుకుంటే తప్ప వీడి బండి నడవదని బజారులో నవ్వుతున్నారని ఎవరో మా అత్త చెవిన వేశారు. "ఇజ్జత్ పోతుందిరా, ఆ డబ్బా ఏందో బాగు చేయించు" అందావిడ. తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు.

ఉస్తాద్ ఈసారి బలమైన గేరు డబ్బా తెచ్చి, పళ్లు సరిచేసి, బేరింగులు మార్చి ఆ ఇంజనుకు సరిగ్గా కుదిర్చాడు. గుట్ట మీద చూద్దామని ముగ్గురం పోయాం. దిగుడు రాగానే అలవాటు కొద్దీ నా చెయ్యి రాడ్డు మీదికి పోయింది.

"తియ్ చెల్లె, తియ్! ఇగ నీ చెయ్యికి ఛుట్టీ!" అని ఉస్తాద్ పకపకా నవ్వాడు.

గేరు కదల్లేదు. మా ఆయన నవ్వలేదు, రోడ్డునే చూస్తూ నడిపాడు. నేను చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

మర్నాడు ఇంజను చప్పుడు విని చెప్పులేసుకుని గడప దాకా వెళ్లాను. "ఇగ నీకేం పని బండ్ల?" అంది అత్త. ఆయన ఒక్కసారి నా వైపు చూసి, తల దించుకుని బండి కదిలించాడు. నా సీట్లో డీజిల్ డబ్బా, ఇనుప గొలుసులు. ఏరు దాటి తెప్ప తగలేశాడు అనుకున్నాను. అప్పటినుంచి పుట్టింటికి రైల్లోనే పోయాను. అలక కనిపెట్టి అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. పిల్లలు పుట్టారు, పెరిగారు. అరచేతిలో కాయ మెల్లగా మెత్తబడి పోయింది.

ఎనభైలలో ఆయనకు పచ్చకామెర్లు వచ్చాయి. నెల తిరక్కుండానే పోయాడు. ఆ నెలంతా ఇంటి నిండా చుట్టాలే, ఒక్క మాటకు చోటు దొరకలేదు.

పదకొండో దినం నాడు ఉస్తాద్ వచ్చాడు. బండి చుట్టూ తిరిగి చూసి నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"చెల్లె, గా డబ్బా మార్చిన నెలకు భాయ్ నా దగ్గరికొచ్చిండు. 'ఉస్తాద్, మూడో గేరు మళ్ల ఎగిరేటట్టు చెయ్' అన్నడు. నాకు మస్తు గుస్సా అయింది. పాగల్ అయినవా, మంచిగున్నదాన్ని నా చేతులతోనే ఖరాబ్ చెయ్యాల్నా, గుట్ట మీద సస్తవ్ అన్న. ఎందుకని అడిగితే చెప్పలే. ఇంకోపారి గూడ వచ్చిండు. మళ్ల తిట్టి పంపిన. ఎందుకడిగిండో నాకు ఇప్పటికీ సమజ్ కాలే."

నాకు అర్థమైంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఏడుపు ఆగాక కోపమొచ్చింది. పోయినవాడి మీద కోపమేమిటంటారా? వచ్చింది, ఇప్పటికీ ఉంది. పిచ్చి మనిషీ, నన్ను ఎక్కించుకోవాలంటే గేరు నిజంగానే చెడాలా? మళ్లీ ఎగురుతోందని ఒక్క అబద్ధం ఆడితే పోయేది కదా. మీ అమ్మకు గేరంటే ఏం తెలుసు?