పావుగంట దాటిన గట్టిమేళం

మా తాత బ్రహ్మయ్యకు ఈ జర్మనీ దేశంలో భయం వేయని వస్తువు లేదు. టికెట్ జేబులోనే ఉన్నా, రైల్లో చెకింగ్‌వాళ్ళు ఎక్కితే లేచి నిలబడతాడు. లిఫ్టులో గొంతు పెగలదు. ఏ చెత్త ఏ డబ్బాలో వేయాలో తెలియక అరటి తొక్కను కోటు జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చిన మనిషి. వీటన్నిటికన్నా కింది అంతస్తు ఆవిడ ఫ్రావ్ కెస్లర్ అంటే ఎక్కువ హడలు.

దానికి కారణం ఉంది. తాత తెనాలిలో బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించేవాడు. ఊరేగింపు ముందు ఆయన ఊదితే వెనక వీధివాళ్ళు కూడా గుమ్మాల్లోకి వచ్చేవారట. ఎష్‌బోర్న్‌లో మా ఇంటికి వచ్చిన కొత్తలో, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ నల్ల క్లారినెట్టే తీసి ఊదాడు. ఇక్కడా వచ్చారు. కాకపోతే గుమ్మంలోకి వచ్చింది ఫ్రావ్ కెస్లర్, వెంట బిల్డింగు చూసుకునే హౌస్‌మైస్టర్. ఆదివారం పూట ఇక్కడ చప్పుడు చేయకూడదట. ఆ రోజే క్లారినెట్ బీరువా పైకెక్కింది. తాత సోఫాలోకి కుదించుకుపోయాడు. సగం చదువుకే బడి మానేసి బేకరీలో చేరిన నాకే ఆయన్ని చూస్తే జాలేసేది.

ఆయన్ని లేపి నిలబెట్టింది హెర్ లోరెంజ్. పాత ఊరి సందులో ఆయన వర్క్‌షాప్ ఉంది. రెండున్నర శతాబ్దాల కిందట క్లారినెట్లు ఎలా ఉండేవో, ఆయన ఇప్పుడూ అలాగే చేస్తాడు. తాత ఆ కిటికీ ముందు రోజూ నిలబడుతుంటే విసుగొచ్చి లోపలికి పిలిచి, ఒకదాన్ని చేతికిచ్చాడు. బాక్స్‌వుడ్ అనే గట్టి కర్ర, పసుపు రాసినట్టుంటుంది. తాత వాయిద్యానికి ఒళ్ళంతా మీటలే. దీనికి ఇత్తడి మీటలు ఐదే. మిగతా పనంతా వేళ్ళదే. ఊదే కొసన ఉండే రెల్లు చీలికను, అదే రీడును, దారంతో చుట్టి కట్టాలి.

తాత ఊదాడు. కింది స్వరాలు పక్క గదిలో ఎవరో గుసగుసలాడుతున్నట్టు వచ్చాయి. పైవి తేనెలా సాగాయి. మధ్యలో కొన్ని మాత్రం, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పాడినట్టు మూగగా ఉన్నాయి.

"ఇది తప్పు కాదా?" అని అడగమన్నాడు నన్ను.

అప్పటి క్లారినెట్లన్నీ అంతేనట. ప్రతి స్వరానికీ ఒక్కో రంగు. వాటన్నిటినీ ఒకేలా చేయడానికే తర్వాత మీటలు పెంచుకుంటూ పోయారట.

కొత్త కర్రకు ఊపిరి అలవాటు చేయాలి. పసిపిల్లకు ఉగ్గు పెట్టినట్టు రోజుకు పావుగంట ఊది, తుడిచి పెట్టేయాలి. ఎక్కువ ఊదితే లోపల తడిసి ఉబ్బుతుంది, బయట పొడిగా ఉండిపోతుంది, పగులుతుంది. లోరెంజ్‌కు ఈ మధ్య ఆయాసం. అందుకని ఒక కొత్త క్లారినెట్‌ను తాతకు అప్పగించాడు. ఇస్తూ ఇస్తూ ఒక మాటన్నాడు.

"పగిలితే మళ్ళీ ఇవ్వను."

నేను తెలుగులో చెప్పాను. తాత ఇంకోసారి చెప్పించుకున్నాడు.

ఆ క్లారినెట్ గొంతు ఫ్రావ్ కెస్లర్ దాకా పోదు. తాతకు మళ్ళీ వాయించుకోవడానికి దొరికింది అదొక్కటే. దాంతో ఆయన భయాలన్నీ ఒక్కచోట చేరాయి. కర్రకు వేడి తగలకూడదని తన గదిలో హీటర్ ఆపేశాడు. మా నానమ్మ బాలామణి రెండు దుప్పట్లు కప్పుకుని గొణిగేది.

"దానికి వేడి పడదు, చలి పడదు. మరి నా సంగతేంటండీ?"

"నువ్వు పగలవులేవే."

నవంబరులో మా నాన్న ఆఫీసులో పనిచేసే కావ్యశ్రీ పెళ్ళి. ఆ పొద్దున తాత తన పావుగంటా ఊదేశాడు. లోపల ఇంకా తేమ ఉంది. ఇంట్లో వదిలితే ఎవరైనా హీటర్ తిప్పుతారేమోనని పంచెలో చుట్టి కోటు కింద పెట్టుకుని బయల్దేరాడు.

"తాతా, పెళ్ళికూతుర్ని కూడా ఎవరూ ఇంత జాగ్రత్తగా తీసుకురారు."

"నవ్వించమాకే. కదులుద్ది."

హాల్లో సన్నాయి ఫోనులోంచి స్పీకర్లోకి వస్తోంది. పెళ్ళికొడుకు విక్రాంత్ తాళి పట్టుకుని లేచాడు. శాస్త్రిగారు చెయ్యెత్తి, "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నారు. సరిగ్గా అప్పుడే స్పీకర్ ఎవరి ఫోనుకో అతుక్కుంది. రెండు వందల మీటర్ల తర్వాత కుడివైపు తిరగమని జర్మన్‌లో చెప్పి చచ్చిపోయింది.

తాళి కట్టేటప్పుడు తుమ్ములు, చెడ్డమాటలు చెవిన పడకూడదని కదా గట్టిమేళం. ఇప్పుడు హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మా నానమ్మ గొంతు లేచింది.

"మా ఆయన దగ్గర క్లారినెట్ ఉందండీ!"

తాత కోటును రెండు చేతులా అదుముకున్నాడు. ముందు వరసలన్నీ వెనక్కి తిరిగాయి. శాస్త్రిగారు, "కానివ్వండి బ్రహ్మయ్యగారూ, ముహూర్తం!" అన్నారు. తాత పంచె విప్పి నా చేతికిచ్చి ఊదడం మొదలుపెట్టాడు.

ఆ గొంతు మూడో వరస కూడా దాటలేదు. గట్టిమేళం అందరి నోళ్ళూ కప్పేయాలి. ఇక్కడ గట్టిమేళం వినబడటానికి అందరూ నోళ్ళు మూసుకున్నారు. ఒక పెద్దాయన తుమ్ము రాకుండా ముక్కు గట్టిగా పట్టుకున్నాడు.

మొదటి ముడి పడబోతుండగా పెళ్ళికొడుకు చెల్లెలు ఫోనెత్తి అరిచింది.

"ఆగన్నయ్యా! అమ్మమ్మ ఫ్రీజ్ అయింది!"

తాళి గాల్లో ఆగింది. వీడియో కాల్లో అమ్మమ్మ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. వైఫై పాస్‌వర్డ్ కోసం నలుగురు నాలుగు వైపులకు పరిగెత్తారు. మేళం మాత్రం ఆగకూడదు. గట్టిమేళం మధ్యలో ఆపితే ఆ ఇంటి అరిష్టమంతా ఆపినవాడిదేనని తాత నమ్మకం. ఆపకపోతే కర్ర పగులుతుంది. ఆయన కళ్ళు నా వైపు తిరిగాయి. క్లారినెట్ రంధ్రాల్లోంచి నీటిబొట్లు ఆయన వేళ్ళ మీదికి దిగుతున్నాయి.

"కట్టెయ్యండి బాబూ!" అన్నాను. "అమ్మమ్మకు వీడియో పంపొచ్చు!"

అందరూ నవ్వారు. తాత నవ్వలేదు. ఊదుతూనే ఉన్నాడు. మూగ స్వరాలు ఇంకా మూగబోయాయి. చివరికి అమ్మమ్మ కదిలింది. ఒక ముడి, రెండో ముడి. అప్పుడు వినబడింది, గోటితో బల్ల మీద కొట్టినట్టు ఒక టక్. తాత భుజాలు అదిరాయి. ఊపిరి మాత్రం తెగలేదు. మూడో ముడి పడి, అక్షింతలు లేచాకే నోటి నుంచి తీశాడు.

దాన్ని చూడకుండానే పంచెలో చుట్టేశాడు. భోజనం ముట్టలేదు.

"నీకేమన్నా వినపడిందా?" అన్నాడు.

"లేదు తాతా."

"నాకు వినపడింది."

మర్నాడు లోరెంజ్ దగ్గరికి నడిచాం. తాత మూడుసార్లు ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ నడిచాడు.

"హీటర్ వల్ల అందామా?" అన్నాను.

"ఉన్నదే చెప్పవే."

లోరెంజ్ ముక్కలు ఊడదీసి దీపం కింద పెట్టాడు. మౌత్‌పీస్ కింద పొట్టిగా ఉండే ముక్క మీద వెంట్రుకంత గీత. దాని మీద గోరు నడిపాడు. ఎంతసేపు ఊదారని అడిగాడు. చెప్పాను. ఎందుకు ఆపలేదని అడిగాడు. తాళి, ముడులు, అమ్మమ్మ, వైఫై, నా జర్మన్‌లో పట్టినంత చెప్పాను.

"పగిలిందని తెలిశాక కూడా ఊదాడా?"

తాతకు ప్రశ్న అర్థమైంది. "యా," అన్నాడు, వినీ వినబడకుండా. ఆయన చెయ్యి నా మణికట్టును పట్టుకుంది, మంచుముద్దలా.

లోరెంజ్ సొరుగు లాగి ఇంకో పొట్టి ముక్క తీశాడు. వదులుగా ఉంటే దారం చుట్టి బిగించాడు. మిగతా ముక్కలన్నీ తిప్పి తిప్పి చూశాడు. ఎప్పుడైనా ముందు పోయేది ఈ ముక్కేనని, మిగతాది బాగానే ఉందని అన్నాడు. తర్వాత క్లారినెట్‌ను పెట్టెలో పెట్టి, పెట్టెను తన వైపుకు లాక్కున్నాడు.

"ఇది ఇక మీ ఇంటికి రాదు."

నేను తెలుగులోకి మార్చక్కర్లేకపోయింది. తాత తల వంచుకున్నాడు.

"ఇక్కడే ఊదాలి," అన్నాడు లోరెంజ్. "నా కళ్ళ ముందు. నేను చెయ్యెత్తితే ఆపాలి. పెళ్ళి అయినా సరే."

ఇది మాత్రం చెప్పాల్సొచ్చింది. నేను ముగించేలోపే తాత కోటు విప్పి బల్ల పక్క స్టూలు మీద కూర్చున్నాడు. ఈ రోజు కాదు, కర్ర ఆరాలి అన్నాడు లోరెంజ్. తాత లేవలేదు. లోరెంజ్ ఆయన్ని ఒక చూపు చూసి, ఒక గుడ్డముక్క, వేరే క్లారినెట్ ఇత్తడి మీటలు తెచ్చి ముందు పెట్టాడు. తాత ఒక్కొక్కటే తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు.