అరవై చింతగింజలు

నా చిన్నప్పుడు మా అవ్వ సూదిలో దారం ఎక్కించే పని నాది. మాది సోమేనహళ్ళి. ఊళ్ళో చీరలు పాతబడితే ఎవరూ పారేసేవాళ్ళు కాదు. మా అవ్వకు తెచ్చిస్తే పొర మీద పొర పరిచి, అంగుళానికో వరస కుట్టి బొంత చేసిచ్చేది. చుట్టుపక్కల ఆమె కుట్టుకు సాటి లేదు. చూపే మందగించింది. వరసను వేలితో తడుముకుని కుట్టగలిగేది గానీ సూది బెజ్జం కనబడేది కాదు. దారం అయిపోయినప్పుడల్లా పిలిచేది. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి మీదున్నా సరే, నేను సణుక్కుంటూ వచ్చి ఎక్కించి పోవలసిందే.

నేను దారం ఎక్కించిన ప్రతిసారీ అవ్వ ఒక చింతగింజను చిన్న కుండలో వేసేది. ఆమెకు చదువు రాదు, అదే ఆమె లెక్క. దారం పొడవు ఎప్పుడూ ఒకటే, తన బారెడు. బొంత పూర్తయ్యాక గింజలు కుప్ప పోసి, గింజకు పది పైసల చొప్పున ధర చెప్పేది. బొంత పెద్దదైతే గింజలెక్కువ, వరసలు దగ్గరైతే ఇంకా ఎక్కువ. ఇంతకంటే న్యాయమైన పద్ధతి నేను ఈ వయసు దాకా చూడలేదు.

ఒక ఏడు పేరేసంద్రలో రోడ్డు మీద అంగడి పెట్టుకున్నవాళ్ళ ఇంటావిడ పెద్ద బొంత కుట్టమని చీరల మూట ఇచ్చిపోయింది. చిక్కబళ్ళాపురం కళ్ళ డాక్టరు అద్దాలకు పదిహేను రూపాయలవుతుందని అంతకుముందే చెప్పి ఉన్నాడు. ఈ బొంత డబ్బుతో అద్దాలు కొనాలని అవ్వ ఆశ. అద్దాలొస్తే నన్ను పిలిచే పని ఉండదు, హాయిగా ఆడుకోవచ్చని నాతో ఎన్నిసార్లు చెప్పిందో.

నేనేం చేశానంటారా? రోజూ ఆ కుండలోంచి రెండేసి గింజలు తీసి, పొయ్యిలో నిప్పుల మీద వేయించుకుని, పొట్టు ఒలుచుకుని తిన్నాను. పాడు బుద్ధి. వాటినే ఎందుకు తీశానంటే చేతికందే ఎత్తులో ఉన్నవి అవే. ఉత్త గింజలే కదా అనుకున్నాను. ఇంట్లో గంపెడు గింజలుండగా ఆ కుండలోనే చెయ్యి పెట్టిన నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీదే ఒళ్ళు మండుతుంది.

బొంత అయిపోయింది. గింజలు ఎంచితే నూట ఇరవై. ఈసారి తొందరగానే ముగిసిందే అని అవ్వ కాస్త ఆశ్చర్యపోయి, పన్నెండు రూపాయలని చెప్పింది. అంగడావిడ దానికే దీర్ఘాలు తీసింది. చీరలు మావే, దారం మాదే, ఇంట్లో కూర్చుని కుట్టేదానికి పన్నెండా అని పది రూపాయలు చేతిలో పెట్టింది. మా అవ్వ ఏమనాలి? "మీ ఇష్టమమ్మా" అంది. ఆ మాట వింటే నాకు ఈనాటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మా వైపు ఆడవాళ్ళకు అదొక జబ్బు. నెల రోజులు వేళ్ళు పొడుచుకుని కుడతారు, ధర దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు.

అవ్వ ఆ పది రూపాయలు కొంగున ముడేసుకుని, అద్దాలు ఇంకోసారి చూద్దాంలే అంది. ఆ రాత్రి అన్నం దగ్గర ఏడుస్తూ చెప్పేశాను. ఎన్ని తిన్నావని అడిగితే అరవై ఉంటాయన్నాను. ఆవిడ దగ్గరికి పోయి చెప్పొస్తానని లేచాను. అవ్వ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ధర నోరు దాటితే దాటినట్టే పాపా. తక్కువ చెప్పింది మనమే. వాళ్ళనేమని అడిగేది?"

ఒక్క దెబ్బ కొట్టలేదు. కొట్టి ఉంటే ఆ రాత్రికే మరిచిపోయేదాన్నేమో. మరునాడు పొద్దున కుండ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఇంక ఇది నీ దగ్గరే ఉంటాది. గింజలేసేది నువ్వే, ధర చెప్పేది కూడా నువ్వే" అంది. నాకప్పుడు పదేళ్ళు.

కొన్నాళ్ళకు ఆ అంగడావిడే, కూతురు కాన్పుకు వచ్చిందని ఇంకో బొంత కుట్టించుకుంది. ఈసారి కుండ మీద ఈగను కూడా వాలనివ్వలేదు నేను. నూట తొంభై గింజలు. పంతొమ్మిది రూపాయలని చెప్పాను. ఆవిడ నన్ను చూసి నవ్వి, పోయినసారి పదికే ఇచ్చారు కదా, పదిహేను తీసుకో అని అవ్వ వైపు తిరిగింది. అవ్వ తల ఎత్తలేదు. బొంత అంచు పట్టుకుని నా వైపు లాక్కున్నాను.

"నాలుగు రూపాయలంటే నలభై దారాలమ్మా. యాడ నుంచి ఊడబీకాలో చూపించు, ఊడబీకి ఇస్తా."

ఆవిడ బొంతను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. పంతొమ్మిదీ ఇచ్చింది. ఈ పిల్లకు నోరెక్కువని వీధంతా చెప్పుకుంటూ పోయింది, మళ్ళీ మాకు బొంత ఇవ్వలేదు. పోతే పోయింది.

అద్దాలు వచ్చిన రోజు అవ్వ నన్ను పిలిచి పక్కన కూర్చోమంది. తనే సూదిలో దారం ఎక్కించింది. తనే ఒక గింజ తీసి కుండలో వేసింది. ఇంక పోయి ఆడుకో పాపా అంది. నాకు మాత్రం లేవబుద్ధి కాలేదు.

ఇప్పుడు బాగేపల్లిలో మా కోడలు టైలరు అంగళ్ళలో మిగిలిన ముక్కగుడ్డలతో సంచులు కుడుతుంది. ఫోటోలు తీసి అమ్మకానికి ఫోన్లో పెడుతుంది. మొన్న ఎవరో ఒకామె ఫోన్ చేసి, ముక్కగుడ్డలే కదా, ఆన్‌లైన్‌లో ఇంకా చవక అని సగానికి సగం అడిగింది. మా కోడలు, డిగ్రీ చదివిన పిల్ల, "మీ ఇష్టం మేడం" అంది. ఇన్నేళ్ళయినా అదే మాట! నేను లేచి వెళ్ళి ఒక డబ్బా నిండా చింతగింజలు తెచ్చి మిషను మీద పెట్టాను. అత్తకు చాదస్తం అనుకుంటోంది. అనుకోనీ.

చాలామంది వేయించిన చింతగింజలు చేతిలో పెట్టి తినమంటారు. నేను వద్దంటాను. ముసలిదానికి పళ్ళు లేవు పాపం అనుకుంటారు. పళ్ళు గట్టిగానే ఉన్నాయి. అప్పుడు తిన్న ఆ అరవై గింజలే నాకు ఇంకా అరగలేదు.