చర్చి మెట్ల మీద దగ్గు

ఆ చలికాలమంతా నాకు నాన్న దగ్గుతోనే తెల్లవారేది. గూడూరు పొలాల మీద మంచు ఇంకా విడవకముందే, సగం నిద్రలో, అది ఎక్కడో కాలువ అవతల నుంచి వస్తున్నట్టు వినిపించేది. పొడి దగ్గు. కఫం లేదు, జ్వరం లేదు. మొదలైందంటే ఓ పట్టాన ఆగేది కాదు.

మా చర్చిలో పాట ఎత్తేది నాన్నే. ఆయన మొదటి లైను పాడితే గాని ఎవరూ నోరు విప్పరు. అలాంటిది, దగ్గొచ్చి పాట మధ్యలో ఆగిపోతుంటే ముందు వరుస నుంచి వెనక్కి, వెనక నుంచి బయట మెట్ల మీదికి జరిగారు. అక్కడ కూడా పక్కవాళ్ళు కాస్త ఎడంగా కూర్చునేవారు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. నాన్నకు మాత్రం ఇక పాడలేనేమోనన్న దిగులే.

ఊళ్ళో ప్రతివాళ్ళూ డాక్టర్లే. మిరియాల కషాయం, తాటిబెల్లం, అల్లం రసం, అమ్మ ఏదీ వదల్లేదు. రెండు నెలలయ్యాక నేనే పోరి నాన్నను బందరు తీసుకెళ్ళాను. ఎక్స్‌రే బాగానే ఉంది. వాడే మందులన్నీ చూపించమన్నారు డాక్టరమ్మ. అమ్మ కట్టిచ్చిన సీసాలూ పొట్లాలూ బల్ల మీద పరిచాను. ఇంకేమీ లేవా అంటే లేవన్నాను, ఎంతో ధీమాగా.

అప్పుడే నాన్న కళ్ళజోడు కోసం బైబిలు సంచి జిప్పు తీశారు. అందులోంచి ఒక బిళ్ళల అట్ట జారిపడింది.

"ఇదేంటండీ?" అన్నారావిడ.

"అది బీపీదండి. మందు కాదు, రోజూ వేసుకునేదే," అన్నారు నాన్న.

నిజమే, ఇంట్లో దాన్ని ఎవరమూ మందని అనుకోలేదు. పొద్దున్న ప్రార్థన కాగానే మర్చిపోకుండా వేసుకోవాలని బైబిలుతోనే ఉంచేవారు. మొదలుపెట్టింది అంతకుముందు వానాకాలంలోనే.

"కొంతమందికి ఈ రకం బిళ్ళతోనే దగ్గు వస్తుందండీ. మీ అంతట మీరు మానెయ్యకండి, బదులు వేరేది రాస్తాను. తగ్గడానికి కొన్ని వారాలు పట్టొచ్చు."

తిరుగు బస్సులో నాన్న కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. నాకు నవ్వూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి.

దగ్గు మంచులాగే రోజుకింత పలచబడింది. ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చి, ఏదో లోటనిపించి, చాలాసేపు చెవులు రిక్కించాను. పిట్టల అరుపులే.

ఆ ఆదివారం నాన్న ముందు వరుసలో కూర్చుని పాట ఎత్తారు. మొదటి లైను అయింది. ఎవరూ అందుకోలేదు. ఎక్కడ ఆగిపోతుందోనని అందరం ఊపిరి బిగబట్టాం. నాన్న ఒక్కరే చరణం చివరిదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చూశారు.

"ఏవండీ, పాడరేంటి?"