అలసినవాళ్లకు ముందు నీళ్లు

మొన్న శనివారం తార్నాకలో మా మనవరాలి బడివాళ్లు తాతలనూ, అమ్మమ్మలనూ, నానమ్మలనూ పిలిచి, ఏసీ హాలులో కూర్చోబెట్టి, చిన్నపిల్లలకు గౌరవమూ, కోపతాపాలను అదుపులో ఉంచుకోవడమూ తామెలా నేర్పుతున్నారో చూపించారు. మైకు పట్టుకున్న అమ్మాయికి ముప్పై ఏళ్లుండవు. తెర మీద నవ్వు మొహం, ఏడుపు మొహం, కోపం మొహం బొమ్మలు వేసి, “మీ టైంలో ఇవన్నీ లేవు కదా ఆంటీ, అప్పుడంతా బెత్తమే కదా!” అన్నది. హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. “అత్తమ్మా, జర చప్పట్లు కొట్టు, అందరు చూస్తున్నరు” అని మా కోడలు మోచేత్తో పొడిచింది. చూస్తే చూడనీ అన్నాను. ఇన్నేళ్లయినా మానని పుండు మీద ఆ పిల్ల తెలియక కారం చల్లింది.

అరవైల చివరి సంగతి. యూనివర్సిటీ క్యాంపస్‌లో అధ్యాపకుల భార్యలు కొందరు కమిటీగా ఏర్పడి, ఖాళీగా పడి ఉన్న ఒక క్వార్టర్సులో నడిపే చిన్నపిల్లల బడిలో నాకు ఒకటో తరగతి చెప్పే ఉద్యోగం దొరికింది. టెంపరరీ. సీతాఫల్‌మండిలో మా అన్నావదినల ఇంటి నుంచి పొద్దున్నే నడిచి వచ్చేదాన్ని. ఇవాళ మెట్రో స్తంభాల నీడలో ఆటోలు కదలక మొత్తుకునే తార్నాకలో అప్పుడు బండరాళ్లూ, తంగేడు పొదలూ, దూరదూరంగా కొన్ని ఇళ్లూ ఉండేవని చెబితే మా మనవరాలు నమ్మదు. మన ఈడువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

బడికి ప్రొఫెసర్ల పిల్లలూ వచ్చేవారు, గుమాస్తాల పిల్లలూ, లేబొరేటరీ అటెండర్ల పిల్లలూ వచ్చేవారు. వరండా చివర నీళ్ల కుండ. గోల్నాక నుంచి నడిచివచ్చే ఆయా ఒకామె గదులు ఊడ్చి, దూరపు కుళాయి నుంచి బిందెలు మోసి, ఆ కుండ నింపేది. పిల్లలు కూర్చున్నచోటు నుంచి లేవకుండా “ఏయ్ ఆయా, పానీ!” అని అరిచేవారు. ఆరేళ్ల పిల్లలు, నలభై ఏళ్ల మనిషిని. మొదటిరోజే నాకు ఒళ్లు మండింది.

మా ఊళ్లో మా నానమ్మకు ఒక పద్ధతి ఉండేది. బయటి నుంచి ఎవరు వచ్చినా ముందు చెంబెడు నీళ్లు, తరువాతే మాటలు. నలుగురు ఒక్కసారి వస్తే ఎవరు ఎక్కువ అలసి ఉంటే వాళ్లకే మొదటి చెంబు. పటేలు అరుగు మీద కూర్చుని ఉన్నా సరే, మోట కొట్టి వచ్చిన జీతగానికి ఇచ్చాకే ఆయనకు. ఆ పద్ధతినే నేను తరగతిలో పెట్టాను. రోజుకొకరి చొప్పున నీళ్ల వంతు. వంతు వచ్చిన పిల్ల రెండు చేతులతో గ్లాసు పట్టుకుని అందరికీ ఇవ్వాలి. ఈ గదిలో అందరికన్నా అలసిపోయింది ఆయా కాబట్టి మొదటి గ్లాసు ఆమెది. ఎవరైనా కొట్టుకుంటే బెత్తం లేదు, గోడకుర్చీ లేదు. కొట్టినవాడు నిండు గ్లాసు తొణక్కుండా తెచ్చి దెబ్బ తిన్నవాడికి అందించాలి. గ్లాసు మీదే చూపు పెట్టి వరండా అంతా నడిచేసరికి వాడి కోపం సగం దిగేది. తాగినవాడు మూతి తుడుచుకుని “ఇంకోటి తే” అనేవాడు. ఇద్దరూ నవ్వేవారు. బొమ్మలు వేసి చూపడానికి మాకు తెర లేదు, అంతే తేడా.

కమిటీలో పలుకుబడి ఉన్న ఒకావిడ కొడుకు మా తరగతిలోనే ఉండేవాడు. ఆమె భర్త యూనివర్సిటీలో రీడరు, ప్రొఫెసరుకు ఒక మెట్టు కింద. కోపం వస్తే పక్కవాడి చెయ్యి కరిచే పిల్లవాడు. దసరా సెలవుల నాటికి కరవడం మానేశాడు. వాళ్లమ్మ నాకు ఒక మంచిమాట అనలేదు సరికదా, ఆ పిల్లవాడి మంచితనాన్నే నా మెడకు చుట్టింది. ఒక సాయంత్రం వాళ్లింటికి అతిథులు వచ్చారట. నీళ్లు తెమ్మంటే వీడు వెండి గ్లాసు నిండా తెచ్చి, అతిథులను దాటుకుని పెరట్లోకి వెళ్లి, అంట్లు తోముతున్న మనిషి ముందు రెండు చేతులా పట్టి, నువ్వే ఎక్కువ అలసిపోయావు, ముందు నువ్వు తాగు అన్నాడట. అతిథులు పకపకా నవ్వారట. ఆ నవ్వే నా కొంప ముంచింది.

మర్నాడు ఆవిడ తరగతి గదిలోకే వచ్చింది. “గౌరవం నేర్పమని పంపిస్తే, పనిమనిషికి వెండి గ్లాసు పట్టమని నేర్పుతారా? రేపు నన్ను కూడా పట్టమంటారా?” వెనకనే పెద్ద టీచరుగారు, “లేదండీ, లేదండీ” అంటూ. నన్ను పక్కకు పిలిచి, జూన్‌లో పర్మనెంట్ చెయ్యమని కమిటీని అడుగుదామనుకుంటున్నాను, ఒక్క సారీ చెప్పి వదిలించుకోండి అన్నారు. చెప్పనన్నాను. ఉద్యోగం పోతే పోతుందని ఆ క్షణంలోనే తేల్చుకున్నాను.

కానీ వాళ్లు నా ఉద్యోగం జోలికి రాలేదు. ఆయాను పిలిపించారు. పిల్లలు ఇస్తే మాత్రం నువ్వెలా తీసుకున్నావని అడిగి, ఆ బాబుకు క్షమాపణ చెప్పమన్నారు. పిల్లలందరి ముందూ. ఆమె చీపురు గోడకు ఆనించి, కొంగుకు చేతులు తుడుచుకుని, ఆరేళ్లవాడికి దండం పెట్టింది.

“తప్పయింది బాబూ. ఇగ నీ చేతి నీళ్లు తాగ.”

వాడు వాళ్లమ్మను చూశాడు, నన్ను చూశాడు. ఆమె తప్పేమీ చేయలేదు పిల్లలూ అని నేను గట్టిగానే అన్నాను. పెద్ద టీచరుగారు అంతకన్నా గట్టిగా చప్పట్లు చరిచి, అందరూ పాట పాడండి అన్నారు. పాడారు.

మధ్యాహ్నం ఆయా మీద కూడా మండిపడ్డాను, చెయ్యని తప్పుకు క్షమాపణ ఎందుకు చెప్పావని. “ఊకో టీచరమ్మా! నీకు చదువున్నది, ఈ బడి గాకుంటె ఇంకో బడి. నేనేడికి పోవాలె? పోరగాని చేతి నీళ్లు తాగకుంటె సస్తనా ఏంది?” అని నవ్వింది. రీడరుగారి భార్య మాటలకన్నా నాకు ఆ నవ్వే ఎక్కువ గుచ్చుకున్నది.

తరువాతి రోజు నీళ్ల వంతు ఒక అటెండరుగారి కూతురిది. ఎవరినీ పల్లెత్తు మాట అనని పిల్ల. అలవాటు కొద్దీ మొదటి గ్లాసు పట్టుకుని ఆయా దాకా వెళ్లి ఆగింది. గుమ్మం వైపు ఒకసారి చూసింది. గ్లాసు నేల మీద పెట్టి, వేలి కొసతో ముందుకు జరిపి, వెనక్కి వచ్చేసింది. అలా చెయ్యమని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నిన్నటి ఒక్క దండం చూసి తనంతట తానే నేర్చుకున్నది. నేను నెలల తరబడి చెప్పింది ఆ దండం ముందు నిలవలేదు. ఆయా వంగి ఆ గ్లాసు తీసి, తాగకుండానే నీళ్లు తిరిగి కుండలో పోసింది.

ఆ జూన్‌లో పర్మనెంట్ చేస్తామన్నారు. వద్దని వచ్చేశాను. తరువాత ఎన్నో బళ్లలో చెప్పాను గానీ, ఆ గేటు మళ్లీ దాటలేదు. మరిచిపో, అది ఆ కాలం అని మా వదిన బతికినన్నాళ్లూ చెప్పేది. కాలం ఎవరి చేతా దండం పెట్టించదు, మనుషులు పెట్టిస్తారు.

ఇప్పుడు ఏ బడిలోనూ కుండ కనబడదు. ఎవరి నీళ్ల సీసా వాళ్ల మెడలో వేలాడుతూ ఉంటుంది. ఒకరికి ఒకరు నీళ్లు అందించే అవసరమే లేదు, అందుకని తగువూ లేదు. ఆ తరగతి పిల్లలకు అరవై దాటి ఉంటాయి. కొందరు ఇక్కడి ఫ్లాట్లలోనే మనవలను ఆడిస్తూ ఉండవచ్చు. ఆ బాబు మీద నాకు ఏనాడూ కోపం లేదు. ఆ ఆయా తప్పేమీ చేయలేదని వాడికి ఇంట్లో ఎవరైనా, ఎప్పుడైనా చెప్పారా అన్నది మాత్రం తెలుసుకోవాలని ఉంది. చెప్పి ఉండరు.